మిడిల్ స్కూల్ పిల్లలకు వేసవి సైకాలజీ: స్టాప్‌వాచ్‌తో మొదలుపెట్టండి

సైకాలజీ నేర్చుకుంటానని పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు అడిగారంటే, ఎదుటివాళ్ల మనసులో ఏముందో కనిపెట్టేయొచ్చన్న ఆశ వెనక ఉంటుంది. ఈ శాస్త్రం చేసేది అది కాదని మొదటి రోజే చెప్పేయడం మంచిది. 1879లో లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచి ఇందులో అసలు పని కొలవడం. ఎంతసేపట్లో స్పందించారు, ఎన్ని గుర్తుంచుకున్నారు, ఎక్కడ పొరబడ్డారు. ఒక స్టాప్‌వాచ్, ఒక స్కేలు, కాసిని కాగితాలు, ఓపికున్న పదిపన్నెండు మంది మనుషులు ఉంటే ఆరు వారాల సెలవుల్లో మూడు ప్రయోగాలు తీరిగ్గా పూర్తవుతాయి. వారానికి నాలుగైదు గంటలు చాలు.

శిబిరంలో చేర్చాలనుకుంటే

యూనివర్సిటీలు వేసవిలో నడిపే సైకాలజీ కోర్సుల్లో ఎక్కువ భాగం హైస్కూల్ పిల్లల కోసమే. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు దొరికేది తరచుగా సైన్స్ శిబిరంలో ఒక భాగంగానే. ఫీజు కట్టేముందు మూడు విషయాలు అడగండి. పిల్లలు స్వయంగా ప్రయోగం చేసి లెక్కలు రాసుకుంటారా, స్లైడ్లు చూసి వచ్చేస్తారా? పాఠం చెప్పేవారు సైకాలజీ చదివినవారేనా? పిల్లల చేత సొంత కష్టాలు పదిమందిలో చెప్పిస్తారా? మూడో ప్రశ్నకు అవునంటే చేర్చకండి. అది కౌన్సెలింగ్ పని, దానికి శిక్షణ పొందిన మనిషి, గోప్యత రెండూ కావాలి.

వేలిముద్రలు చూసి తెలివితేటలు చెబుతామన్నా, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామన్నా అటువైపు చూడనే వద్దు. ‘మీ అబ్బాయి చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా’ అని పరీక్ష పెట్టేవి చూడ్డానికి మర్యాదగానే ఉంటాయి. కానీ రకాన్ని బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో సైకాలజిస్టు హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది.

ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావరకు 13 ఏళ్లలోపు పిల్లలకు సొంత ఖాతా ఇవ్వవు, పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. చదవడానికి ఓపెన్‌స్టాక్స్ వారి సైకాలజీ పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. అది కాలేజీ పుస్తకం కాబట్టి మొదటి పేజీ నుంచి కాక, జ్ఞాపకశక్తి, ఇంద్రియజ్ఞానం, నేర్చుకోవడం అనే మూడు అధ్యాయాల్లోంచి కావలసిన పేజీలు తీసుకోండి. ప్రయోగం చేశాక చదివితే బుర్రకెక్కుతుంది. ముందే చదివేస్తే ఫలితం ఎలా రావాలో తెలిసిపోయి, చెయ్యి దానంతటదే అటు మొగ్గుతుంది.

మొదటి వారం: స్కేలు పట్టుకోవడం

ఇది కొలవడం చేతికి అలవాటు కావడం కోసం. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును పైనుంచి వేలాడదీస్తారు. రెండోవారు సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచుతారు. చెప్పకుండా వదిలేస్తే పట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే స్పందించడానికి పట్టిన సమయం సుమారు 0.14 సెకన్లు, 15 దగ్గర 0.17, 20 దగ్గర 0.20, 25 దగ్గర 0.23. మొదటి మూడుసార్లు అలవాటుకు వదిలేసి, తర్వాతి పదింటిని రాయాలి.

పిల్లలు లయగా వదులుతారు. ఒకటి, రెండు, మూడు, వదులు. పట్టుకునేవాడికి ఆ లయ అందిపోయి స్కేలు కదలకముందే వేళ్లు మూసేస్తాడు. అందుకని ఆగే సమయాన్ని ఒకటి నుంచి ఐదు సెకన్ల మధ్య మార్చి మార్చి ముందే చీటీ మీద రాసుకోవాలి. 10 సెంటీమీటర్లలోపు పట్టు దొరికితే అది చురుకుదనం కాదు, ఊహించి మూసినదే అయ్యుంటుంది. స్కేలు పూర్తిగా జారిపోయినా రాయాల్సిందే. ఇలాంటి ఒకటి రెండు వింత అంకెలు సగటును లాగేస్తాయి కాబట్టి, పదింటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టి నడిమి విలువ, అంటే మధ్యగతం తీసుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు సగటుకూ మధ్యగతానికీ తేడా ఇంత తేలిగ్గా అర్థమయ్యే చోటు ఇంకోటి లేదు.

రెండు, మూడు వారాలు: రంగుల పేర్లు

వేసవి మొత్తానికి ఒక్క ప్రయోగమే చేయగలిగితే ఇది చేయండి. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ చేసినది. ‘ఎరుపు’ అనే మాట నీలం సిరాతో ఉంటే, మాట వదిలేసి సిరా రంగు చెప్పాలి. నాలుక తడబడుతుంది. వట్టి రంగు గుర్తులు వంద చెప్పడానికి ఆయన విద్యార్థులకు సగటున 63 సెకన్లు పడితే, ఇలా పొంతన లేని మాటలకు 110 సెకన్లు పట్టింది. తేడా ఇంత పెద్దది కాబట్టే పదిమందితో కూడా కనబడుతుంది.

రెండు తెల్ల కాగితాలు తయారుచేయాలి. మొదటిదానిలో 40 రంగు చుక్కలు, రెండోదానిలో వేరే రంగులో రాసిన 40 రంగుల పేర్లు. ఎరుపు, నీలం, నలుపు, పచ్చ నాలుగూ ఒక్కో కాగితంలో పదేసిసార్లు రావాలి, ఒకే రంగు వెంటవెంటనే రాకూడదు. రెండు కాగితాల్లోనూ రంగుల వరుస వేరుగా ఉండాలి, లేకపోతే మొదటిది కంఠతా వచ్చేస్తుంది. అక్షరాలు ఒకే సైజులో, ముదురు రంగుల్లో ఉండాలి. పసుపు పెట్టకండి. తెల్ల కాగితం మీద అది ఆనదు. పైగా ‘పచ్చ’ అంటే కొందరు పసుపు అనుకుంటారు.

ఏ భాషలో జవాబు చెప్పాలో ముందే తేల్చుకోవాలి. తెలుగులో రాసిన మాటలకు ‘రెడ్, బ్లూ’ అని చెప్పనిస్తే తడబాటు తగ్గి, ఫలితం పలచబడుతుంది. ఇంగ్లిషే గబగబా చదివే పిల్లలైతే కాగితమూ జవాబూ రెండూ ఇంగ్లిషులోనే పెట్టండి.

జరిపే తీరు ఇలా. ఎనిమిది మాటల చిన్న కాగితంతో సాధన. తర్వాత కాగితం బోర్లించి ఇచ్చి, ‘మొదలు’ అన్నప్పుడు తిప్పమనాలి. గడియారం ఆ మాటతో నడిచి, నలభయ్యో రంగు నోట రాగానే ఆగాలి. తప్పు చెబితే అక్కడే సరిదిద్దుకుని ముందుకెళ్లాలన్న నియమం అందరికీ ఒకటే. పక్కన ఒకరు తప్పులు మాత్రం లెక్కపెడతారు. సమయం చూసేవారికే ఈ పని కూడా ఇస్తే రెండూ చెడతాయి. సగం మందికి చుక్కల కాగితం ముందు, మిగతా సగానికి మాటల కాగితం ముందు ఇవ్వాలి. అందరికీ మాటలే చివర ఇస్తే, ఆలస్యానికి అలసట కారణమేమోనన్న ప్రశ్నకు జవాబుండదు.

చుక్కల కాగితంలోనే ఎరుపు, పచ్చ కలిపేస్తుంటే ఆ వ్యక్తికి ఆ రంగుల తేడా తెలియకపోవచ్చు. పదిమందిలో ఎత్తి చూపకుండా థాంక్స్ చెప్పి, ఆ లెక్క పక్కన పెట్టాలి.

ఇది బాగా కుదిరాక మాటల కాగితం తలకిందులు చేసి మళ్లీ చేయించండి, చాలామందిలో తేడా తగ్గుతుంది. ఇంకా చదవడం రాని చిన్న తమ్ముడో చెల్లెలో రంగులు చెబుతుంటే మాటలు అడ్డుపడనే పడవు. చదవడం ఎంత అలవాటైతే అంత అడ్డు అని పిల్లలే పట్టేస్తారు.

నాలుగు, ఐదు వారాలు: మళ్లీ చదవడమా, చూడకుండా రాయడమా

బడి తెరిచాక కూడా పనికొచ్చేది ఇదే. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని కొందరు రెండోసారి చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే తారుమారు.

ఒకే కష్టం ఉన్న రెండు పాఠాలు, ఒక్కోటి 250 మాటల లోపు, తీసుకోండి. ఒక్కో పాఠంలోని 20 విషయాలను ముందే జాబితా రాసుకోండి. ప్రతి పాఠం ఐదు నిమిషాలు చదివించాక, ఒకదాన్ని ఇంకో ఐదు నిమిషాలు చదివించాలి, రెండోదాన్ని మూసేసి ఐదు నిమిషాలు రాయించాలి. ఏ పాఠం చదివించాలి, ఏది రాయించాలి అన్నది సగం మందికి మార్చాలి. సరిగ్గా ఏడు రోజులకు రెండూ చూడకుండా రాయించి, 20కి ఎన్ని వచ్చాయో చూడాలి. మధ్యలో ‘పరీక్ష ఉంది’ అని చెబితే పిల్లలు ఇంటికెళ్లి నెమరేసుకుంటారు. ‘వారం తర్వాత ఇంకో చిన్న పని ఉంటుంది’ అంటే సరిపోతుంది. ఏడో రోజు రానివాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు, నలుగురిని ఎక్కువ తీసుకోండి.

మార్కులు వేసేవారికి ఏది చదివినది, ఏది రాసినది తెలియకూడదు. దీనికి హాన్స్ అనే గుర్రం ఉదాహరణ చెప్పండి, పిల్లలకు భలే నచ్చుతుంది. డెక్కతో తట్టి లెక్కలు చేస్తుందని జర్మనీలో పేరుపడ్డ గుర్రం అది. అడిగేవారికే జవాబు తెలియనప్పుడు అది కూడా చెప్పలేకపోతోందని 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ చూపించాడు. అడిగేవారి తల కదలికే దానికి ఆనవాలు. ఫలితం ఇలా రావాలన్న కోరిక ఉన్నవారు మార్కులు వేసినా అదే జరుగుతుంది.

మనుషులతో ప్రయోగమంటే

ముందే ఏం చేయిస్తారో, ఎంతసేపో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పిల్లలైతే అమ్మానాన్నల సంతకం కూడా. మధ్యలో ఆపేస్తానంటే కారణం అడగకూడదు. కాగితం మీద పేరు కాక నంబరు రాయాలి. ‘నీకంటే వాడు ఫాస్ట్’ అన్న మాట ఒక్కసారి వినబడిందంటే తర్వాత ఎవరూ రారు.

ఆందోళన, డిప్రెషన్, ఒంటి తీరు, ఇంట్లో గొడవలు, ఈ నాలుగింటి మీద సర్వేలు పెట్టనివ్వకండి. పిల్లలకు మొదట తట్టేవి ఇవే. కానీ జవాబుగా నిజమైన బాధ బయటపడితే దాన్ని అందుకునే శక్తి ఆ వయసుకు ఉండదు. భయపెట్టి, మోసగించి చేసే ప్రయోగాలూ అంతే. 1920లో వాట్సన్, రేనర్ ఒక పసివాడికి భయం నేర్పిన ప్రయోగానికి ఇవాళ ఏ కమిటీ అనుమతి ఇవ్వదు.

సైన్స్ ఫెయిర్‌కు పంపే ఉద్దేశం ఉంటే నియమాలు ముందే చూడండి. ఐసెఫ్‌కు (అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ఫెయిర్) అనుబంధమైన పోటీల్లో మనుషులు పాల్గొనే ప్రయోగానికి, మొదటి మనిషిని కూర్చోబెట్టకముందే సమీక్ష కమిటీ అనుమతి కావాలి. చేసేశాక తెచ్చిన సంతకం చెల్లదు.

చివరి వారం రాయడానికే. ఊహ ఏమిటి, ఏం మార్చాం, ఏం కొలిచాం, ఎంతమంది, ఎవరి లెక్క ఎందుకు తీసేశాం. ఊహను ప్రయోగానికి ముందే తేదీ వేసి రాయించి ఉంచండి, తర్వాత రాస్తే ప్రతి ఊహా నిజమే అవుతుంది. గ్రాఫులో సగటు కడ్డీలు మాత్రమే కాక ఒక్కో మనిషికీ ఒక్కో చుక్క పెట్టిస్తే, అందరిలోనూ తేడా వచ్చిందా, ఇద్దరి వల్లే వచ్చిందా అన్నది కనబడిపోతుంది. తేడా రాకపోతే అంకెలు దిద్దనివ్వకండి. ‘తేడా కనబడలేదు’ అనే రాయించి, కింద రెండు కారణాలు అడగండి: మనుషులు తక్కువా, కాగితాల్లో ఇచ్చిన పని మరీ సులువా? పెన్సిల్ రాతలున్న అసలు కాగితాలు కవరులో పెట్టి దాచండి. సైన్స్ ఫెయిర్‌లో న్యాయనిర్ణేతలు ముందు అడిగేవి అవే.