కొత్త కానిస్టేబుల్‌కి పని నేర్పే సీనియర్‌ని తయారు చేయడం ఎలా?

విజయనగరం పోలీసు శిక్షణ కళాశాల నుంచి బయటకు వచ్చిన కుర్రాడికి పరేడ్ వచ్చు, సెక్షన్లు వచ్చు. స్టేషన్ గడపలో ఏడుస్తూ నిలబడిన మనిషితో మాట్లాడటం మాత్రం స్టేషన్‌లోనే, సీనియర్ పక్కన ఉండి నేర్చుకోవాలి. చాలాచోట్ల రోల్ కాల్‌లో "వీణ్ని నీతో తిప్పు" అని ఓ హెడ్ కానిస్టేబుల్‌కి అప్పజెప్పేసి ఊరుకుంటారు. ఆ హెడ్‌గారికి ఎలా నేర్పాలో ఎవరూ చెప్పరు. నేను ఏళ్ల తరబడి ఇలాంటి సీనియర్లకు తరగతులు చెబుతున్నా. ఏటా అవే తప్పులు చూస్తున్నా.

1. మనిషిని ఎంచుకోండి

ఎనిమిది నుంచి పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. కనీసం రెండేళ్లు స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్ రికార్డులు రాసే పని, చేసి ఉండాలి. రివార్డులు ఎన్ని వచ్చాయో చూడొద్దు, పాత జీడీ (స్టేషన్‌లో రోజూ జరిగినవి రాసే జనరల్ డైరీ) తీసి ఆయన రాసిన ఎంట్రీలు చదవండి. టైములు సరిగ్గా వేసి, ఇంకొకరు చదివితే అర్థమయ్యేలా రాసినవాడైతే చాలు. ఒక సీనియర్‌కి ఒక్క కుర్రాడే. ఇద్దర్ని ఇస్తే వాళ్లు ఒకర్నొకరు చూసి నేర్చుకుంటారు, సీనియర్‌ని చూడరు.

2. సామాన్లు

రెండొందల పేజీల రూళ్ల నోట్‌బుక్, పెన్ను, పేర్లు కొట్టేసిన పాత ఫిర్యాదు కాపీలు ఓ పాతిక. ఫోన్‌లో నోట్సు వద్దు. కొత్త క్రిమినల్ చట్టాల పుస్తకాలు తప్పనిసరి. 2024 జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నా సీనియర్ల నోట్లో ఇంకా పాత సీఆర్‌పీసీ సెక్షన్లు 154 (ఎఫ్‌ఐఆర్ నమోదు), 41ఏ (హాజరవమని ఇచ్చే నోటీసు) అనే మాటలే తిరుగుతున్నాయి. కుర్రాడు సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో వాటికి సరిపోయే 173, 35(3) చదువుకొని వచ్చాడు. ముందు సీనియర్‌కి ఒక పూట ఇవి చెప్పించండి. లేకపోతే మొదటి రోజే ఇద్దరికీ మాట కలవదు.

3. పనిని మాటల్లో చెప్పించండి

"ఫిర్యాదు ఎలా తీసుకుంటారు?" అని అడిగితే సీనియర్ "అందులో ఏటుందండీ, చెప్పింది రాసుకోవడమే" అంటాడు. ఆయన నిజంగా చేసేది అది కాదు. కుర్చీ వేస్తాడు, మంచినీళ్లు ఇప్పిస్తాడు. మొదటిసారి పెన్ను పట్టకుండా మొత్తం వింటాడు, రెండోసారి చెప్పించి రాస్తాడు. వాళ్ల మాటల్లోనే చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకొని, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతిలో పెడతాడు. ఇవన్నీ ఆయన నోటితోనే చెప్పించి, నోట్‌బుక్‌లో రాయించండి. ఒక గంట పని.

4. చెయ్యి, నోరు కట్టుకోవడం నేర్పండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు.

ఒక స్టేషన్‌లో చూశాను. హెడ్‌గారు మంచి పనిమంతుడు. కుర్రాడు ఫిర్యాదు రాయడం మొదలుపెడితే రెండో వాక్యానికే పెన్ను లాక్కొని తనే రాసేవాడు. మూడు నెలలు అలాగే గడిచింది. ఓ రాత్రి హెడ్‌గారు లేనప్పుడు ఓ ముసలమ్మ మనవరాలు కనిపించట్లేదని వచ్చింది. "సార్ పొద్దున వస్తారు, అప్పుడు రా అమ్మా" అని పంపేశాడు కుర్రాడు. మర్నాడు అందరూ కుర్రాణ్నే తిట్టారు. ఆ మూడు నెలల్లో వాడు ఒక్క ఫిర్యాదైనా చివరిదాకా రాయలేదని ఎవరికీ తట్టలేదు.

అందుకే దీన్ని తరగతిలో ఆడించి చూపించాలి. ఒక ఏఎస్‌ఐని ఫిర్యాదుదారుగా కూర్చోబెట్టండి. మన యాసలోనే మాట్లాడమనండి: "బాబూ, మా గుంట నిన్న సందేల నుంచి అగుపడ్డం లేదు." ఎదురుగా కుర్రాడు. సీనియర్ కుర్చీ వాడికి ఎడమ పక్కన, ఒక అడుగు వెనక్కి. కుర్రాడు వెంటనే రాయడం మొదలుపెడతాడు. పిల్ల ఏ బట్టల్లో ఉందో, ఫోన్ ఉందో లేదో అడగడు. మీరు సీనియర్ కుడిచేతినే చూడండి, అది పెన్ను వైపు కదులుతుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోమని చెప్పండి. మనసులో ఇరవై లెక్కపెట్టమనండి. చాలాసార్లు పన్నెండో పదిహేనో అయ్యేసరికి కుర్రాడే "ఏం బట్టలు వేసుకుందమ్మా?" అని అడుగుతాడు.

ఇరవై దాటినా అడగకపోతే సీనియర్ మాట్లాడాలి, అదీ కుర్రాడితోనే. "తమ్ముడూ, బట్టల గురించి అడుగు" అంటే చాలు. ఆ ప్రశ్న సీనియరే నేరుగా ఫిర్యాదుదారుని అడిగితే, ఆ క్షణం నుంచి ఆమె ఆయన మొహమే చూస్తుంది, కుర్రాడు అక్కడ లేనట్టే.

అయితే ఊరుకోకూడని చోట్లు మూడున్నాయి, ఇవి కంఠతా పట్టించండి. ఒకటి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు. రెండు, ఎవరి హక్కైనా పోయేటప్పుడు: అరెస్టుకు కారణం చెప్పకపోవడం, ఇంట్లోవాళ్లకు తెలియజేయకపోవడం, అత్యాచారం ఫిర్యాదును మహిళా అధికారి కాకుండా తనే రాయబోవడం. మూడు, సాక్ష్యం చెడిపోయేటప్పుడు. ఇచ్ఛాపురం వైపు వాహనాల తనిఖీలో వీడియో మొదలుపెట్టకుండానే సంచిలో చెయ్యి పెట్టబోయాడనుకోండి, అక్కడ ఇరవై లెక్కపెట్టకూడదు. వెంటనే చెయ్యి పట్టుకొని ఆపాలి.

తర్వాత మాట్లాడే పది నిమిషాలు కూడా జాగ్రత్తే. ఆ డ్యూటీ దిగకముందే, సెంట్రీకి వినపడనంత దూరంలో జరగాలి. మొదట కుర్రాణ్నే అడగాలి: "ఏం గమనించావు?" ఆ తర్వాత ఒక్క తప్పు చెప్పాలి. అయిదు చెబితే వాడికి ఒక్కటీ గుర్తుండదు. ఆ తప్పును కుర్రాడే తన చేతిరాతతో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మన వైపు "ఒరే" అనేది ప్రేమతోనే అంటారు, నాకూ తెలుసు. యూనిఫాంలో, జనం ముందు మాత్రం అనకూడదు.

రోజూ మార్కులు వేద్దామనేవాళ్లు ఉంటారు. అమెరికాలో శాన్ హొసే నగర పోలీసులు 1972లో మొదలుపెట్టిన పద్ధతిలో కొత్తవాళ్లకు రోజూ 1 నుంచి 7 దాకా మార్కులు వేసేవారు. చాలా ఊళ్లు దాన్నే తీసుకున్నాయి. తర్వాత రినో నగరంలో వచ్చిన పద్ధతిలో రోజువారీ మార్కులు తీసేసి, ఓ సమస్యను ఇచ్చి దాని మీద పని చేయించారు. నేను రెండోదాని వైపే. మార్కులు మొదలైతే కుర్రాడు ఫిర్యాదుదారుని వదిలేసి సీనియర్ మొహం చూస్తాడు.

5. దూరం పెంచండి

సీనియర్ కుర్రాడికి కొంచెం కొంచెంగా దూరం జరగాలి. దీనికి విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం కంటే మంచి చోటు లేదు. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర నడి రద్దీలో కాదు, పక్క సందు మొగలో తాడు దగ్గర కుర్రాణ్ని నిలబెట్టండి. మొదటిసారి సీనియర్ వాడి పక్కనే ఉండాలి. రెండోసారి పది అడుగుల దూరంలో. మూడోసారి రోడ్డుకు అవతల, వాడికి కనిపించేలా. జనం తోసుకొస్తే కుర్రాడు ఒకసారి అటు చూస్తాడు. పరిస్థితి అదుపులోనే ఉంటే సీనియర్ తల ఊపాలి, అక్కడి నుంచి కదలకూడదు.