ఊహాదేశ నిర్మాణం – నాలుగవ పాఠం: సిపాయికి అన్నం పెట్టేదెవరు?

ఈ పాఠంలో న్యాయస్థానాల గురించి చెప్పాలనుకున్నాను గాని, మూడవ పాఠానికి మీరు ఊహించి రాసి పంపిన దేశాలు చదివాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. జెండాలు, రాజముద్రలు, పట్టాభిషేక విధులు ముచ్చటగానే ఉన్నాయి. అయితే ఐదు లక్షల జనాభా గల దేశానికి లక్షమంది సైన్యాన్ని కేటాయించినవారు ఒకరిద్దరు కారు. తప్పులో కొంత నాది. జనాభా ఎంతో తేల్చుకోమన్నానే గాని, ఆ జనం ఏం తింటారని అడగలేదు.

రాజరికానికీ గణతంత్రానికీ తేడా మీకు తెలిసిందే కనుక నేరుగా లెక్కలోకి వెళదాం. ఐదు లక్షల్లో సగం స్త్రీలు. మిగిలినవారిలో పిల్లలనూ వృద్ధులనూ తీసివేస్తే పనిచేయగల మగవారు సుమారు లక్షా పాతికవేలు. లక్షమంది చేతికి కత్తినిచ్చారు కనుక నాగలి పట్టడానికి మిగిలింది పాతికవేలమంది. సిపాయికి రోజుకు 800 గ్రాముల బియ్యం చొప్పున వేసుకున్నా ఏడాదికి 29,200 టన్నులు కావాలి. పాతకాలపు సేద్యంలో ఎకరానికి 400 కిలోల బియ్యం వస్తాయనుకుంటే అది 73,000 ఎకరాల పంట. పంటంతా రాజుది కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన షడ్భాగమే, అంటే ఆరో వంతే, పన్నుగా తీసుకుంటే 4,38,000 ఎకరాలు సాగులో ఉండాలి. కాడికి ఐదెకరాల చొప్పున 87,600 నాగళ్లు! నాట్లు, కలుపు, కోత స్త్రీలే చూసుకున్నా దుక్కి దున్నేవారు చాలరు. పన్ను రెట్టింపు చేస్తామంటారా, అప్పటికీ 43,800 నాగళ్లు కావాలి.

ఇక్కడే చాలామంది బంగారు గనిని తవ్వుతారు. నాకు విసుగు పుట్టించేది ఈ గనే. బంగారంతో పొరుగుదేశపు ధాన్యం కొంటారు సరే, రోజుకు 80 టన్నులను మోసేదెవరు? బండికి 500 కిలోలైతే దినానికి 160 బండ్లు, వాటి ఎడ్లకు దారిపొడుగునా మేత. ఆ దారి మూసేసిన రోజున పొరుగురాజు యుద్ధం చేయకుండానే గెలుస్తాడు. కథ అక్కడ మొదలవుతుందని తెలిసి గనిని పెడితే నాకు అభ్యంతరం లేదు.

నా మట్టుకు నేను పటం జోలికి చివరికి గాని పోను. ఒక సుంకపు ఠాణాతో మొదలుపెడతాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనాన్ని చూడండి. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటాననీ ఆయన అందులో మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్ఫైలో ఒక వంతు. ఆదాయం వదులుకోవడానికి రాజెందుకు సిద్ధపడ్డాడు, ఓడ పగిలినప్పుడల్లా లాభపడిన రేవు పెద్దలు ఏమనుకున్నారు, సరుకు విలువ కట్టినవాడు లంచం పట్టాడా అని ఆలోచిస్తే ప్రభుత్వమూ వాణిజ్యమూ సమాజమూ ఒకే రేవులో దొరుకుతాయి.

దేశమంతటా ఒకే పాలన ఉండాలన్న నియమమూ లేదు. నిజాం రాజ్యంలో ప్రభుత్వమే శిస్తు వసూలు చేసే దివానీ భూములు, నిజాం సొంతానికి చెందిన సర్ఫెఖాస్, ప్రభువర్గాలకు ఇచ్చిన జాగీర్లు పక్కపక్కనే ఉండేవి. పొలిమేర దాటితే రైతు శిస్తు కట్టే యజమాని మారేవాడు. దొర సామాను మోసే వెట్టి మాత్రం మారేది కాదు. మీ దేశంలో వెట్టి ఎవరిదో రాయకుండా ‘సమాజం’ అన్న శీర్షిక పెట్టకండి.

అభ్యాసం: మీ రాజు ఒక ఆదాయాన్ని వదులుకుంటున్నట్టు పన్నెండు పంక్తుల శాసనం రాయండి. దానివల్ల నష్టపోయినవాడు పెట్టుకునే అర్జీ రాయండి. ఆ లోటును ఏ పంటతో, ఎన్ని ఎకరాలతో, ఎందరి చేతులతో పూడుస్తారో లెక్క జతచేయండి. లెక్కలేని శాసనాలను ఈసారి చదవను. పటం పంపనవసరం లేదు.