చేప తోలు నుంచి గాయం కట్టు దాకా – 4వ పాఠం: మూడు సీసాల గ్లిజరిన్

తిలాపియా చేప తోలును కండ మిగలకుండా గీకడం, 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కోయడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందులో నానబెట్టడం గత పాఠాల్లో అయిపోయాయి. ముక్క ఇప్పుడు శుభ్రంగా ఉంది, కానీ ఇంకా పచ్చిదే. అలాగే వదిలేస్తే నాలుగు రోజుల్లో కుళ్లుతుంది. బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో, సియరా ఫెడరల్ యూనివర్సిటీ వాళ్లు కాలిన గాయాల కోసం తయారుచేసే తోలు మాత్రం ఫ్రిజ్‌లో నెలల తరబడి నిలవ ఉంటుంది. ఆ తేడా తెచ్చేది గ్లిజరిన్.

ఈ పద్ధతి చేపతో పుట్టింది కాదు. నెదర్లాండ్స్ చర్మ బ్యాంకు 1984 నుంచే దాతల చర్మాన్ని 85 శాతం గ్లిజరిన్‌లో నిలవ చేస్తోంది. కుళ్లించే సూక్ష్మజీవులకైనా, తోలులో మిగిలిన ఎంజైములకైనా నీళ్లు కావాలి. గ్లిజరిన్ ఆ నీళ్లను బయటికి లాగి, తాను లోపలికి చేరుతుంది. తోలుకు బలాన్నిచ్చే ప్రోటీన్ అయిన కొలాజెన్ పోగులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గాయం మీద పని చేసేది ఆ పోగుల అల్లికే.

మరి నేరుగా చిక్కటి గ్లిజరిన్‌లో వేస్తే సరిపోదా? ఉసిరికాయ మురబ్బా చేసినవాళ్లని అడగండి. పచ్చి కాయను ముదురు పాకంలో వేస్తే ముడతలు పడి గట్టిగా బిగుసుకుపోతుంది. లోపలి నీళ్లు బయటికి పరుగెత్తినంత వేగంగా పాకం లోపలికి వెళ్లలేదు. అందుకే మొదట పల్చటి పాకం, తర్వాత చిక్కటిది. తోలుకీ అంతే. నేను మొదటిసారి తొందరపడి ఒకేసారి చిక్కటి దాంట్లో వేశాను. అరగంటలో అంచులు ఎండుమిరపకాయలా చుట్టుకున్నాయి. వేళ్లతో సాగదీసినా మళ్లీ ముడుచుకుపోయింది.

ఫోర్టలేజా పద్ధతిలో మెట్లు మూడు: మొదట 50 శాతం, తర్వాత 75, చివరికి దాదాపు స్వచ్ఛమైన గ్లిజరిన్. చివరి రెండు మెట్లలో సీసాను 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచి, మెల్లగా కదుపుతూ ఉంటారు. చల్లటి గ్లిజరిన్ బంకలా ఉంటుంది, తోలులోకి సులువుగా దిగదు. ద్రావణంలో కొద్దిగా యాంటీబయాటిక్ కూడా ఉంటుంది. మన అభ్యాసానికి అది అనవసరం, దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు మీ చేతి పని. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలపండి. మందుల షాపు గ్లిజరిన్ 50 మిల్లీలీటర్లకు ఈ ఉప్పునీళ్లు 50 కలిపి మొదటి సీసాలో, 75కి 25 కలిపి రెండో సీసాలో పోయండి. మూడో దాంట్లో ఉత్త గ్లిజరిన్. తోలు ముక్క వేయగానే పైకి తేలుతుంది. కంగారు పడొద్దు, గ్లిజరిన్ నీళ్లకన్నా బరువు. లోపల నీళ్ల స్థానంలో గ్లిజరిన్ చేరేకొద్దీ ముక్క మెల్లగా కిందికి దిగుతుంది. గడియారం కన్నా నాకు ఈ దిగడం మీదే నమ్మకం ఎక్కువ. దిగాకే తర్వాతి సీసాలోకి మార్చండి. ఇంకో ముక్కను కావాలనే నేరుగా మూడో సీసాలో వేసి, రెండింటినీ తెల్ల పళ్లెంలో పక్కపక్కన పెట్టి చూడండి. మెట్లెక్కినది వేలి మీద గుడ్డలా వాలాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో చేసిన ముక్కను ఎవరి గాయం మీదా పెట్టకూడదు, చిన్న బొబ్బ మీద కూడా. గ్లిజరిన్ సూక్ష్మజీవుల్ని అణచిపెడుతుందే కానీ మొండి స్పోర్లను, అంటే కొన్ని బ్యాక్టీరియా తీసుకునే గట్టి పెంకు రూపాలను, చంపుతుందని నమ్మలేం. అందుకే బ్రెజిల్ వాళ్లు ముక్కల్ని రెండు పొరల ప్లాస్టిక్‌లో సీల్ చేసి గామా కిరణాలతో స్టెరిలైజ్ చేయిస్తారు. వాడే ముందు స్టెరైల్ సెలైన్‌లో ఐదేసి నిమిషాలు మూడుసార్లు కడిగి గ్లిజరిన్ వదిలిస్తారు. ఆ పని ఆసుపత్రిది.

మీ సీసాల మీద తేదీ, శాతం రాసి ఫ్రిజ్‌లో కూరగాయలకు దూరంగా పెట్టండి. మా ఇంట్లో ఒకసారి నిమ్మకాయ షర్బత్ అనుకుని మూత తీశారు. వచ్చే పాఠంలో గామా కిరణాల మోతాదు ఎక్కువైతే కొలాజెన్ ఏమవుతుందో చూద్దాం. ఈ రెండు ముక్కల్నీ అప్పటిదాకా పారేయకండి.