అప్‌డేట్ ఆగిపోయిందా? యాప్ పీకేయడం చివరి మాట

పోయిన సంక్రాంతికి మావయ్య వాళ్లింట్లో ఉన్నాను. ఆయన బ్యాంకు యాప్ అప్‌డేట్ చేస్తే తప్ప తెరుచుకోనని మొండికేసింది, ప్లే స్టోర్‌లో చూస్తే ఇన్‌స్టాలింగ్ అని గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఆయనకి ఓపిక తక్కువ. ఎవరినీ అడక్కుండా యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసేసి మళ్లీ వేసుకున్నారు. యాప్ అయితే దిగింది కానీ రిజిస్ట్రేషన్ కోసం సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలంది, సిమ్‌లో రీచార్జి అయిపోయి నాలుగు రోజులైంది, ఇంట్లో వైఫై ఉంది కాబట్టి ఆ సంగతి ఆయనకి పట్టనే లేదు. కనుమ నాడు మటన్ కొట్టు ముందు నిలబడి పక్కవాళ్ల ఫోన్ అడుక్కుని నాకు చేశారు. రీచార్జి చేశాక మెసేజ్ వెళ్లింది, రిజిస్ట్రేషన్ అయింది, అప్పుడు మొదటి 24 గంటలు 5,000 రూపాయల దాకానే పంపగలరని ఇంకో మెలిక పెట్టింది. సరే, మటన్‌కి అది చాలు.

అందుకే ముందే చెప్తున్నా: అప్‌డేట్ కాని యాప్‌ని పీకేయడం చిట్టచివర చేసే పని. ముఖ్యంగా బ్యాంకు, యూపీఐ, వాట్సాప్, ఓటీపీ కోడ్‌లు చూపించే అథెంటికేటర్ యాప్‌లు. వీటిలో అప్‌డేట్ ఒక్కటే సమస్య అనుకుని పీకేస్తే లోపల ఉన్నదంతా పోవచ్చు.

ముందు చూడాల్సింది అప్‌డేట్ ఎక్కడ ఆగిందన్నది. అసలు మొదలవకుండా పెండింగ్‌లో ఉందా, సగం దిగి ఆగిందా, మొత్తం దిగి ఇన్‌స్టాలింగ్ దగ్గర నిలబడిందా, అప్‌డేట్ బటనే కనిపించడం లేదా, లేక అప్‌డేట్ అయిపోయాక యాప్ తెరవగానే మూసుకుపోతోందా. ఈ ఐదింటికీ మందులు వేరు. యూట్యూబ్‌లో చూసి అన్నిటికీ ఫోన్ రీసెట్ చేసేవాళ్లున్నారు, వాళ్లకో దండం.

పెండింగ్ సంగతి ముందు చూద్దాం, నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ప్లే స్టోర్‌లో కుడి పక్కన పైన మీ ఫోటో ఉన్న గుండ్రం నొక్కి మేనేజ్ యాప్స్ అండ్ డివైస్‌లోకి వెళ్లండి. అక్కడ ఇంకేవో ఇరవై యాప్‌లు వరుసలో నిలబడి ఉంటాయి, మధ్యలో పిల్లలు వేసుకున్న ఒక గేమ్ ఒకటిన్నర జీబీ దిగుతూ ఉంటుంది, మీ బ్యాంకు యాప్ దాని వెనక క్యూలో ఉంటుంది. ఆ గేమ్‌ని రద్దు చేసి మీక్కావాల్సినది ఒక్కటే నొక్కండి. చాలాసార్లు ఇంతే.

క్యూ ఏమీ లేకపోయినా పెండింగే అంటుంటే నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్ చూడండి, అదే గుండ్రం నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఉంటుంది. డౌన్‌లోడ్లు వైఫై మీదే అని పెట్టి ఉంటే, మొబైల్ డేటాతో బతికే ఇళ్లలో అది ఎప్పటికీ కదలదు. మన వాళ్లలో ఇంటికి వైఫై లేనివాళ్లే ఎక్కువ, కానీ ప్లే స్టోర్ తనంతట తాను చేసే ఆటో అప్‌డేట్ మామూలుగా వైఫై ఉన్నప్పుడు, ఫోన్ చార్జింగ్‌లో ఉండి ఎవరూ వాడనప్పుడు జరిగేలా ఉంటుంది. కాబట్టి మా అమ్మలాంటి వాళ్ల ఫోన్లో ఏడాదిగా ఏ యాప్ అప్‌డేట్ కాలేదంటే ఫోన్‌ది తప్పు కాదు. డౌన్‌లోడ్‌ని ఏ నెట్‌వర్క్ అయినా అని మార్చండి, ఆటో అప్‌డేట్‌ని మాత్రం వైఫై మీదే ఉంచండి, లేకపోతే ఉదయం తొమ్మిదికల్లా రోజు డేటా ఊడ్చుకుపోతుంది.

ఆ రోజు డేటా అనేది ఇంకో తిరకాసు. ఒకటిన్నర జీబీనో రెండు జీబీనో అయిపోయాక చాలా ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. వాట్సాప్ మెసేజ్‌లు పోతుంటాయి కాబట్టి నెట్ ఉందనే అనుకుంటాం. లెక్క వేసి చూడండి, 60 ఎంబీ అప్‌డేట్ ఆ వేగంతో దిగడానికి రెండు గంటల పైనే పడుతుంది, మధ్యలో ఒకసారి సిగ్నల్ పోయినా అంతే సంగతులు. రాత్రి పదకొండింటికి అప్‌డేట్‌తో కుస్తీ పట్టేకంటే పొద్దున్నే లేచి కొత్త రోజు డేటాతో చేసుకోవడం మేలు. డేటా సేవర్, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కాసేపు ఆపండి. నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ కానీ, యాడ్లు రాకుండా పెట్టుకున్న ప్రైవేట్ డీఎన్‌ఎస్ కానీ ఉంటే అవి కూడా ఆపి చూడండి.

ఇంకొకటి, వింటే నవ్వొస్తుంది గానీ నిజం. ఫోన్‌లో తేదీ, టైము తప్పుగా ఉంటే ప్లే స్టోర్ సర్వర్‌తో మాట్లాడలేదు, ఎందుకంటే సర్వర్ అసలుదేనని చూపించే భద్రతా సర్టిఫికెట్లకి గడువు తేదీలు ఉంటాయి, మీ ఫోన్ 2019లో ఉన్నాననుకుంటే అవేవీ చెల్లవు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి నెలల తర్వాత బీరువాలోంచి తీసిన ట్యాబ్‌లలో ఇది మామూలే. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

ఇక సగంలోనో, ఇన్‌స్టాలింగ్ దగ్గరో ఆగిపోవడం. చాలాసార్లు దీనికి కారణం ఫోన్‌లో జాగా లేకపోవడమే. మావయ్య ఫోన్ జబ్బు కూడా ఇదే, 32 జీబీ ఫోన్‌లో మిగిలింది 300 ఎంబీ. యాప్ 80 ఎంబీయే కదా, 300 ఉంది కదా అని ఆయన వాదన. అప్‌డేట్ చేసేటప్పుడు దించిన ఫైలు, పాత యాప్, విప్పిన కొత్త యాప్ అన్నీ కాసేపు పక్కపక్కనే ఉండాలి, కొత్తది నిలబడ్డాకే పాతది పోతుంది. కొత్త ఇల్లు కట్టేదాకా పాత ఇంట్లోనే ఉంటాం కదా, అలాగ. కనీసం ఒక జీబీ ఖాళీ పెట్టుకోండి.

జాగా ఎక్కడ పోయిందో వెతకడానికి పెద్ద విద్య అక్కర్లేదు, వాట్సాప్ తెరవండి. సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. ఎక్కువసార్లు పంపిన ఫైళ్లు, 5 ఎంబీ దాటినవి విడిగా చూపిస్తుంది. శుభోదయం వీడియోలు, ఎవరిదో పెళ్లి పత్రిక వీడియో ఆరు గ్రూపుల్లో ఆరుసార్లు, అన్నీ అక్కడే దొరుకుతాయి. మావయ్య ఫోన్‌లో అక్కడే నాలుగు జీబీ తీశాను, ఆయన బంధువులెవరూ ఏమీ అనుకోలేదు. తర్వాత గ్యాలరీలో ట్రాష్ ఖాళీ చేయండి, చాలా ఫోన్లలో డిలీట్ చేసినవి 30 రోజులు అందులోనే కూర్చుంటాయి.

జాగా ఉంది, నెట్ ఉంది, అయినా కదలట్లేదు. ఇప్పుడు ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి, అది అయ్యాకే ప్లే స్టోర్‌కి వైద్యం. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, గూగుల్ ప్లే స్టోర్, ఫోర్స్ స్టాప్, తర్వాత స్టోరేజ్‌లో క్లియర్ క్యాష్. క్యాష్ అనగానే మా పిన్ని, డబ్బులు పోతాయేమోనని ఫోన్ లాక్కుంది. ఆ క్యాష్ వేరు పిన్నీ, అది యాప్ తన పని తొందరగా అవడానికి దాచుకునే తాత్కాలిక సరుకు, పోయినా మళ్లీ పోగేసుకుంటుంది. దాంతోనూ కాకపోతే అక్కడే క్లియర్ డేటా నొక్కండి. ఇదే పని గూగుల్ ప్లే సర్వీసెస్‌కి కూడా చేయొచ్చు, ముందు క్యాష్ వరకే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి పైన పేరు చదవండి. క్లియర్ డేటా నొక్కేది ప్లే స్టోర్‌కి. దాని డేటా పోతే దాని సెట్టింగ్స్ మారతాయి, మీ యాప్‌లు అలాగే ఉంటాయి. అదే బటన్ వాట్సాప్‌లోనో బ్యాంకు యాప్‌లోనో నొక్కారనుకోండి, పీకేసినట్టే లెక్క.

అక్కడికీ లొంగకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లోని అదే ప్లే స్టోర్ పేజీలో పైన మూడు చుక్కల్లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. ప్లే స్టోర్ ఫోన్‌తో వచ్చిన పాత రూపానికి వెళ్లి మళ్లీ తనంతట తాను కొత్తదవుతుంది. చివరగా ఫోన్ నుంచి గూగుల్ ఖాతా తీసి మళ్లీ పెట్టడం, పాస్‌వర్డ్ గుర్తుంటేనే సుమా. మొదట పాస్‌వర్డ్ రాసుకోండి, తర్వాత తీయండి, ఈ వరస తప్పితే పండగంతా పాస్‌వర్డ్ వెతుక్కోవడంలోనే అయిపోతుంది.

అప్‌డేట్ బటనే లేదంటే అది పాడు అనుకోనక్కర్లేదు. యాప్ చేసేవాళ్లు కొత్త వెర్షన్‌ని అందరికీ ఒకేసారి ఇవ్వరు, కొంత శాతం మందికి ఇచ్చి, గొడవ లేదంటే మిగతావాళ్లకి వదులుతారు. మీ తోడల్లుడికి వచ్చి మీకు రాలేదంటే రెండు రోజులు ఆగండి. ఇంకో కారణం, ఫోనే పాతదైపోవడం. వాట్సాప్ 2023 అక్టోబర్ 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లని వదిలేసింది, 2025 మేలో ఐఓఎస్ 15.1 కంటే కింద ఉన్న ఐఫోన్లని వదిలేసింది, ఐఫోన్ 6 అందులోనే పోయింది. ఇలాంటప్పుడు క్యాష్ ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు, సెట్టింగ్స్‌లో సిస్టమ్ అప్‌డేట్ ఏమైనా ఉందేమో చూసుకోవాలి, లేకపోతే ఫోన్ మార్చాలి. శాంసంగ్ సొంత యాప్‌లు చాలావరకు గెలాక్సీ స్టోర్‌లో అప్‌డేట్ అవుతాయి, వాటిని ప్లే స్టోర్‌లో వెతికి టెన్షన్ పడకండి.

అప్‌డేట్ దొరకలేదని ఎవరో పంపిన ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని నేరుగా వేసే ఫైలు, నొక్కడం మాత్రం వద్దు. బ్యాంకు పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పథకాల పేరుతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఏపీకేలు మెసేజ్‌లు చదివి ఓటీపీలు ఎత్తుకెళ్లేవే. ఇప్పటికే నొక్కి డబ్బు పోయి ఉంటే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. అలా బయటినుంచి వేసుకున్న యాప్‌కి ప్లే స్టోర్ అప్‌డేట్ కూడా ఎక్కకపోవచ్చు, యాప్ ఎవరు చేశారో చెప్పే డిజిటల్ సంతకాలు రెండింటివీ కలవకపోతే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. అప్పుడు మాత్రం పీకి ప్లే స్టోర్ నుంచి వేసుకోవడమే దారి.

అప్‌డేట్ అయ్యాక యాప్ తెరవగానే మూసుకుపోతుంటే, ఒక్క యాపేనా, చాలా యాప్‌లా అని చూడండి. 2021 మార్చిలో ఇలాగే ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా బోలెడు యాప్‌లు తెరవగానే చచ్చిపోయాయి, దోషం ఆ యాప్‌లది కాదు, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనేదానిది. గూగుల్ దాన్నీ, క్రోమ్‌నీ సరిచేసి అప్‌డేట్ ఇచ్చాక సర్దుకున్నాయి. అందుకని నాలుగైదు యాప్‌లు ఒకేసారి పడిపోతే ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్ అప్‌డేట్ ఉన్నాయా చూడండి. ఒక్కటే పడిపోతే దాని క్యాష్ తీసి, ఒకరోజు ఆగండి, చేసినవాళ్లే సరిచేసి ఇంకో అప్‌డేట్ పంపుతారు.

ఐఫోన్, ఐప్యాడ్ వాళ్లకి కథ కొంచెం చిన్నది. యాప్ స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, ఆ పేజీని కిందకి లాగి వదిలితే అప్‌డేట్ల జాబితా తాజా అవుతుంది. ఆగిపోయిన యాప్ ఉంటే హోమ్ స్క్రీన్‌లో దాని గుర్తుని నొక్కి పట్టుకోండి, రెజ్యూమ్ డౌన్‌లోడ్ అని వస్తే అది నొక్కండి. మొబైల్ డేటాలో 200 ఎంబీ దాటితే అడిగి చేసేలా సెట్టింగ్ ఉంటుంది, దాన్ని సెట్టింగ్స్‌లో యాప్ స్టోర్ కింద మార్చుకోవచ్చు. జాగా కోసం యాప్ తీయాలంటే డిలీట్ బదులు ఆఫ్‌లోడ్ వాడండి, యాప్ పోతుంది, లోపలి డేటా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐప్యాడ్ అప్‌డేట్ చేయబోతే మీకు తెలియని ఎవరిదో ఈమెయిల్ చూపించి పాస్‌వర్డ్ అడుగుతుందా, ఆ యాప్ పాత యజమాని ఖాతాతో దించినది, ఆయన్ని వెతకక్కర్లేదు, ఆ యాప్‌లో మీది ఏమీ లేకపోతే డిలీట్ చేసి మీ ఖాతాతో మళ్లీ దించుకోండి.