బయానా ఇచ్చాక, రిజిస్ట్రేషన్‌కి ముందు: కొనబోయే ఇంటిని మళ్ళీ మళ్ళీ చూసుకునే పద్ధతి

వేసవిలో కాలువలు కట్టేసిన (నీళ్ళు ఆపేసిన) రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది. గోడలు ఆరి ఉంటాయి, పెరడు గట్టిగా ఉంటుంది, సెప్టిక్ ట్యాంకు పేచీ పెట్టదు. జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలి, సార్వా (వానాకాలం వరి) నాట్లు పడి, నాలుగు వానలు కురిసేసరికి నేలలో నీరు పైకొస్తుంది. అప్పుడు అదే ఇంట్లో గోడల అడుగున చెమ్మ పాకుతుంది, లెట్రిన్‌లో పోసిన నీళ్ళు దిగనంటాయి. అందుకని బయానాకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య ఉండే రెండు మూడు నెలల్లో కనీసం నాలుగుసార్లు వెళ్ళాలి, అదీ ఒక్కోసారి ఒక్కో పని పెట్టుకుని. ఊరికే "ఇంకోసారి చూసొద్దాం" అని వెళితే మొదటిసారి చూసిందే చూసి, కాఫీ తాగి వచ్చేస్తారు.

ముందు కాగితం మీద రాయించుకోండి

అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. రిజిస్ట్రేషన్ దాకా అది అమ్మేవారి ఇల్లే, గుమ్మం తొక్కాలంటే వారి అనుమతి కావాలి. బయానా చేతిలో పడేదాకా "ఎప్పుడైనా రండి" అనేవాళ్ళు, పడ్డాక "మళ్ళీ ఎందుకండీ?" అంటారు. తప్పు వారిదీ కాదు. వంకలు వెతికి రేటు తగ్గించడానికే వస్తున్నారని వారి అనుమానం. అగ్రిమెంటు రాసే రోజునే ఈ వాక్యం పెట్టించేస్తే ఆ మాట రాదు:

"రిజిస్ట్రేషన్ జరుగులోపు కొనువారు, రెండు రోజుల ముందు ఫోను ద్వారా తెలియజేసి, తమ మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్‌లతో సహా ఐదు పర్యాయములు ఇంటిని లోపల, బయట, డాబాపైన పరిశీలించుకొనుటకు అమ్మువారు అంగీకరించడమైనది. అందులో ఒకటి రాత్రి వేళ, ఒకటి రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు, ఇల్లు ఖాళీ చేసిన పిమ్మట."

చట్టం కొంత సాయం చేస్తుంది. ఆస్తి బదిలీ చట్టం (1882) 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పి తీరాలి. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, అప్పగించేదాకా ఇంటిని జాగ్రత్తగా కాపాడటమూ వారి బాధ్యతే. చూస్తే కనపడే లోపాన్ని మీరు చూడకపోతే మాత్రం ఆ నష్టం మీదే. వెళ్ళిన ప్రతిసారీ ఫోటోలు తీసి, తేదీతో ఇద్దరికీ ఉండే వాట్సాప్‌లో పెట్టండి.

వెళ్ళే ముందు ఎందుకొస్తున్నారో, ఎంతసేపు పడుతుందో, ఎవరెవరొస్తారో చెప్పాలి. "నమస్కారమండి బాబాయ్‌గారూ. గురువారం పొద్దున్న పదింటికి నేనూ, మేస్త్రీ, ప్లంబరూ వస్తామండి. డాబా, బాత్‌రూములు, మోటారు చూసుకుంటాం. గంటన్నర పడుతుంది. పిన్నిగారికి ఇబ్బంది లేకపోతే ఖాయం చేస్తారా అండి?" ఇలా పంపితే కాదనేవారు తక్కువ. దీపాలు పెట్టే వేళ, భోజనాల వేళ వద్దు. ముగ్గురికి మించి వెళ్ళకండి. అత్తవారి తరఫువాళ్ళని, తోడికోడళ్ళని అందరినీ తీసుకెళ్ళే సందడి వేరే రోజు పెట్టుకోవచ్చు. ఇంట్లో అద్దెకున్నవాళ్ళుంటే ఓనరుతో పాటు వారికీ విడిగా చెప్పాలి. అసలు లోపాలు తెలిసింది వాళ్ళకే.

మేస్త్రీతో వెళ్ళే రోజు

పగటి వెలుతురులో, లోపల లైట్లు తీసేసి చూడాలి. కింది మూడడుగుల మేర మాత్రమే కొత్త రంగు వేసి ఉన్నా, టైల్స్ అంటించి ఉన్నా, గోడకి బీరువా ఆనించి ఉన్నా అక్కడ చెమ్మ ఉందని అనుమానించండి. అడుగున్నర చదరం పాలిథిన్ కవరు ముక్కని గోడకి ఆనించి నాలుగంచులా టేపు వేసి, రెండు రోజులాగి చూడండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటిబొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు పడితే అది గదిలో గాలి తేమ, కిటికీలు తెరిస్తే తగ్గుతుంది. గోడకి తెల్లగా ఉప్పు పొడి లేచి, గీస్తే సున్నం రాలుతుంటే నేల నీటిలో ఉప్పుందన్నమాట. చెరువుల మధ్య ఊళ్ళలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇది మామూలే. దీనికి రంగు మందు కాదు. పాత పూత చెక్కించేసి, కింద తడి ఆపే పొర వేయించాలి. ఆ ఖర్చు మేస్త్రీచేత అక్కడికక్కడే లెక్క కట్టించండి.

బీటల సంగతి ఒక్క రోజులో తేలదు. మన నల్లమట్టి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. వేసవిలో విచ్చుకున్న బీట సార్వాలో మూసుకుంటుంది, దాంతో బాగైపోయిందనుకుంటారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే బీటలు ముఖ్యం. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీ రాసి, స్కేలు పెట్టి ఫోటో తీయండి. నెల తర్వాత అదే చోట మళ్ళీ తీయండి. కొస గీత దాటినా, వెడల్పు పెరిగినా పునాది ఇంకా కదులుతోందన్నమాట. అది మేస్త్రీ తేల్చే పని కాదు, సివిల్ ఇంజనీరుకి చూపించాలి.

డాబా మీద నీళ్ళు కట్టి చూడటం మంచి పరీక్షే, కానీ పాత స్లాబు మీద ఆలోచించి చేయాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అంగుళం నీరు నిలిపితే సుమారు 2,360 లీటర్లు, అంటే రెండు టన్నుల పైన బరువు. కింద పెచ్చులూడి తుప్పు ఊచలు కనపడుతున్న స్లాబు మీద ఆ సాహసం వద్దు, ఊచల స్థితి చూస్తే చాలు. గట్టి స్లాబైతే, అమ్మేవారు ఒప్పుకుంటే, వాననీటి గొట్టాలకి గుడ్డ కుక్కి ఒక రోజంతా నిలపండి. మర్నాడు కింద గదుల మూలలు, ఫ్యాను కొక్కేల చుట్టూ, బాత్‌రూము పక్క గోడలు చూడండి.

నీళ్ళు, కరెంటు

మోటారు ఓ గంట ఆపకుండా నడపాలి. మొదట 20 లీటర్ల బకెట్టు ఎంతసేపట్లో నిండుతుందో చూసుకుని, గంట చివర మళ్ళీ అదే బకెట్టు పెట్టండి. సమయం బాగా పెరిగితే బోరులో ఊట చాలడం లేదన్నమాట. అప్పుడొచ్చిన నీటినే సీసాలో పట్టి ల్యాబుకివ్వండి, ముందు వచ్చినది ట్యాంకులోదీ గొట్టాల్లోదీ కావచ్చు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుండాలి. వేరే దిక్కు లేకపోతేనే 2,000 వరకు. బోరు నీరు అంతకు మించితే గీజరు, పంపులు, గచ్చు అన్నీ త్వరగా పాడవుతాయి. ఈ పరీక్ష కాలువలు కట్టేసిన నెలల్లో చేయిస్తే నిజం తెలుస్తుంది, కాలువ పారేటప్పుడు ఊట నీరు చాలా తీపిగా మారుతుంది.

సెప్టిక్ ట్యాంకుది తిరగబడ్డ లెక్క: దాన్ని కాలువ పారేటప్పుడే చూడాలి. ఇంకుడు గుంత చుట్టూ నేల నీటితో నిండి ఉంటుంది కాబట్టి అది ఇంకించుకోలేదు. పది బకెట్లు వరసగా పోయించి నీరు ఎంతసేపట్లో దిగుతుందో చూడండి.

కరెంటుకి తేలికైన పరీక్ష ఒకటుంది. ఇంట్లో ప్రతి స్విచ్చీ, ఫ్రిజ్జు ప్లగ్గుతో సహా, ఆపి మీటరు దగ్గరికి వెళ్ళండి. మీటరు మీద ఎర్ర లైటు ఇంకా మిణుకుతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా పక్కింటికో పెరట్లో షెడ్డుకో లైను పోతోంది. మూడు నెలల బిల్లులు కూడా అడిగి చూడండి.

వాన రోజు, రాత్రి పూట

గట్టి వాన వెలిశాక గంటలోపు ఎవరూ ఇల్లు సర్దుకోలేరు, అందుకే అప్పుడే చూడాలి. దీనికి రెండు రోజుల ముందు చెప్పడం కుదరదు కాబట్టి విడిగా ఒప్పందం కావాలి. "వాన వెలిశాక ఫోను చేసి వస్తామండి" అని ముందే చెప్పుంచండి. రోడ్డు నీరు లోపలికి వస్తోందా, లోపలిది బయటికి పోతోందా చూడండి. మురుగు కాలువ ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో కనుక్కోండి. భీమవరం ప్రాంతంలో యనమదుర్రు లాంటి డ్రెయిన్ నిండితే వీధి నీరు కదలదు. నరసాపురం, రాజోలు వైపు అమావాస్య, పౌర్ణమి పోటు మీదుండగా వాన పడితే మురుగు ఇంకా వెనక్కి తంతుంది. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఇల్లయితే పెద్దవాళ్ళని "1986 వరదలో ఎంతవరకు వచ్చింది? 2022లోనో?" అని అడిగి, గోడ మీద చూపించమనండి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వచ్చిన రోజున ఆ వీధి ఎలా ఉంటుందో వాళ్ళే చెబుతారు.

వేసవిలోనే కొంటుంటే ఈ పని కుదరదు. రిజిస్ట్రేషన్ ఆగస్టుకి జరపమని అడగండి, లేదా ప్రహరీ మీద నీటిమట్టపు మచ్చలు, పక్కిళ్ళ అరుగులు ఎత్తు పెంచిన గుర్తులు చూడండి.

రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వీధిలో నడిచి రండి. లోపలికి వెళ్ళనక్కర్లేదు. దోమలు, చెరువుల వాసన, రైసుమిల్లు మోత, ఫంక్షన్ హాలు మైకు, కార్లు పెట్టే చోటు అప్పుడే తెలుస్తాయి. ధనుర్మాసంలో కొంటుంటే తెల్లవారుజామున గుడి మైకు కూడా ఒకసారి వినండి. ఆనందమో కాదో మీకే తెలుస్తుంది.

కొలత, చివరి రోజు

50 మీటర్ల టేపుతో నాలుగు వైపులా కొలిచి దస్తావేజు హద్దులతో సరిచూడండి. సెంటంటే 48.4 చదరపు గజాలు. గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళ స్థలాల్లో) సర్వే రాళ్ళు ఉండకపోవచ్చు, కాబట్టి పక్కింటివారిని పిలిచి వారి ఎదుటే కొలవడం మేలు. పుంత (బండ్ల దారి) మీదకో, కాలువ గట్టు మీదకో ప్రహరీ జరిగి ఉంటే ఆ గజాలకి డబ్బు ఇవ్వకండి.

లోపం బయటపడితే బాగు చేయించి ఇమ్మనకండి, ఖర్చు రేటులో తగ్గించమనండి. అమ్మేవారి బాగుచేత చాలావరకు రంగుతో ఆగిపోతుంది.

రిజిస్ట్రేషన్ ముందు రోజు ఇల్లు పూర్తిగా ఖాళీ అయ్యాకే చూడాలి. మోటారు, ఇన్వర్టరు, ఫ్యాన్లు, ఉయ్యాల బల్ల, పాత టేకు తలుపులు, ఇవన్నీ ఉంటాయా పోతాయా అన్నది అగ్రిమెంటు జాబితాతో పోల్చండి. పాత మండువా ఇళ్ళలో చెక్కిన ద్వారబంధాలు ఊడదీసి తీసుకుపోవడం జరుగుతుంటుంది. పెరట్లో కొబ్బరి చెట్లుంటే తర్వాతి దింపు ఎవరిదో తేల్చుకోండి. మీటరు రీడింగు ఫోటో తీసి, ప్రతి పంపూ తిప్పి చూసి, ఈసీ (ఇంటి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ వారంలోనే మళ్ళీ తీయించి, తాళాల లెక్క సరిచూసుకున్నాకే మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళండి.