పియానో పాఠం 6: బార్తోక్ ‘ట్రాన్సిల్వేనియాలో సాయంత్రం’ – రుబాటో అంటే సాగదీత కాదు

పోయిన పాఠంలో నెమ్మది భాగాన్ని ‘స్వేచ్ఛగా’ వాయించమన్నాం. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. చాలామంది ప్రతి నోట్‌నూ సమానంగా లాగారు. నాలుగు బీట్ల బార్‌కు (తాళావర్తనం లాంటి కొలతకు) ఐదు బీట్ల సమయం పట్టింది. రుబాటో అంటే ఒక నోట్ దగ్గర ఎక్కువ తీసుకున్న సమయాన్ని పక్క నోట్ దగ్గర తిరిగిచ్చేయడం. ఇది రుబాటో కాదు, వేగం తగ్గడమే. వేళ్ల నంబర్ల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు దీన్ని సరిచేద్దాం.

1907 వేసవిలో హంగేరియన్ స్వరకర్త బేలా బార్తోక్ ట్రాన్సిల్వేనియాలోని (నేటి రొమేనియా) చీక్ ప్రాంతంలో, హంగేరియన్ మాట్లాడే సెకెయ్ ప్రజల పల్లెల్లో పాటలు సేకరించాడు. 1908 నాటి ‘టెన్ ఈజీ పీసెస్’లో ఐదోది ఈ రచన. బాణీలు మాత్రం జానపదుల నుంచి తీసుకున్నవి కావు, వాళ్ల పద్ధతిలో ఆయన సొంతంగా కట్టినవి. నెమ్మది భాగం గొంతుతో పాడే పాటకు, వేగభాగం పల్లె పిల్లనగ్రోవికి అనుకరణ అని ఆయనే చెప్పాడు. తాళం చెవి ఇక్కడే ఉంది: మొదటిది మాట్లాడినట్టు నడవాలి.

నెమ్మది బాణీ స్వరాలు ఇ, జి, ఎ, బి, డి. ‘ఇ’ని షడ్జం చేసుకుంటే అచ్చంగా శుద్ధ ధన్యాసి మెట్లే. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. రాగం గుర్తుపట్టగానే మనసు ఆలాపనలోకి జారుతుంది, ప్రతి స్వరం మీదా నిలబడిపోతుంది. ఆలాపనకు సాహిత్యం లేదు. ఈ బాణీ వెనుక మాత్రం వినపడని మాటలున్నాయి.

“పొద్దు వాలింది, మందలు ఇంటికొస్తున్నాయి” అని పైకి అనండి. ‘లిం’ దగ్గర కాస్త ఆగారు, ‘ఇంటికొస్తున్నాయి’ని ఒక్క ఊపులో అనేశారు. అన్ని అక్షరాలకూ ఒకే నిడివి ఎవరూ ఇవ్వరు. ఒక నోట్ ఆగితే పక్కది పరుగెత్తాలి. పైగా హంగేరియన్‌లో ఊనిక ఎప్పుడూ మాట మొదటి అక్షరం మీదే పడుతుంది. కాబట్టి బరువు పదబంధం మొదట్లో, తేలిక చివర్లో. ప్రతి బార్ చివరా వేగం తగ్గించే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి. బార్ గీత దగ్గర ఊపిరి తీసుకోకూడదు, వాక్యం ముగిసినచోటే తీసుకోవాలి.

కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) మారినప్పుడల్లా పెడల్‌ను ఎత్తి మళ్లీ నొక్కాలి, కొత్త కార్డ్ నొక్కిన మరుక్షణం. బాణీలో అర్ధస్వరాల దూరం లేదు గనుక పాదం ఎత్తకపోయినా చెవికి వెంటనే తప్పు తెలియదు. ఎడమచేతి కార్డ్ మారగానే మాత్రం అంతా బురదవుతుంది.

వేగభాగం మీద ‘నాన్ రుబాటో’ (రుబాటో వద్దు) అని రాసే ఉంది. మొదటి నోట్ నుంచే పూర్తి వేగం, పొడి స్పర్శ. అంతకుముందు బార్‌లోనే మెల్లగా వేగం పెంచుకుంటూ రావద్దు.

సాధన: నెమ్మది బాణీకి మీరే తెలుగు మాటలు కట్టండి, నోట్‌కు ఒక అక్షరం చొప్పున. మూడు రోజులు పియానో ముట్టకుండా వాటిని చదవండి, తర్వాత పాడండి. నాలుగో రోజు కుడిచేత్తో ఒక్క బాణీనే వాయించి రికార్డు చేయండి. వింటుంటే మాటలు గుర్తుకు రాకపోతే మళ్లీ మొదటి రోజుకే వెళ్లండి. వేగభాగానికి మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 72 బీట్ల దగ్గర మొదలుపెట్టండి, వరుసగా ఐదుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. నెమ్మది భాగానికి మెట్రోనోమ్ పెట్టొద్దు.