పిల్లలమర్రి గోడబొమ్మ: పెచ్చులు లేవకుండా ఎట్ల చేసినం

మహబూబ్‌నగర్‌లో వాడకట్టోళ్లమంతా కలిసి ప్రహరీ మీద పిల్లలమర్రి చెట్టు వేస్తే, వారానికే రంగు పెచ్చులుగా లేచింది. పెచ్చు తిప్పి చూస్తే వెనక తెల్లటి పొడి. తప్పు రంగుది కాదు, కింది పాత సున్నానిది. గోడ రుద్దితే వేలికి సున్నం అంటుతుందంటే, పైన ఏ రంగూ పట్టదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని వైర్ బ్రష్‌తో సిమెంటు కనబడేదాకా గీకి, కడిగి, 3 రోజులు ఆరనిచ్చినం. రంగు గోడకు పట్టేందుకు ముందుగా వేసే బయటిగోడల ప్రైమర్ ఒక పూత, మర్నాడు ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) రెండు పూతలు. మండే ఎండలో వేయొద్దు, కాలిన గోడ మీద రంగు బ్రష్ కిందే ఎండి చారలు పడతయ్.

చేతులు పెరిగితే ఆకుపచ్చ పది రకాలవుతుంది. అందుకే రంగులన్నీ ఒక్కరే కలిపి, డబ్బాలకు నంబర్లు వేసి, సుద్ద పూసిన దారంతో గోడ మీద కొట్టిన ఒక్కో అడుగు కొలత గడుల్లో అవే నంబర్లు రాసినం. ఊడలు చేయి తిరిగినోళ్లకు, ఆకులు పిల్లలకు. పిల్లలకు అంగుళం బ్రష్ చాలు, పెద్దదిస్తే రంగు కారుతది.